కారును చూసి మనిషిని కొలవడం: తొప్పూరు ఘాటులో ఒక పరిశీలన

కారును బట్టి మనిషి గుణాన్ని అంచనా కట్టడం రోడ్డున్న ప్రతిచోటా ఉన్న అలవాటే. ఆ అలవాటును దగ్గరగా చూడడానికి తమిళనాడులో ధర్మపురి జిల్లా తొప్పూరు అనువైన చోటు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి దాటాక ఇక్కడ కొండ దిగి సేలం వైపు పోతుంది. మేట్టూరు మీదుగా భవానికి పోయే రోడ్డు చీలేదీ ఇక్కడే. తెలుగు రాష్ట్రాల నుంచి శబరిమలకు, పళనికి, మదురైకి, రామేశ్వరానికి బయల్దేరే బండ్లలో చాలా వాటికి ఇదే దారి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి, ఆ బండ్లను చూసి ఊహలు కట్టే కళ్ళలోనూ తెలుగు కళ్ళు తక్కువ కాదు.

అంచనా నంబరు ప్లేటుతో మొదలవుతుంది. టీఎన్ 29 అయితే ధర్మపురి బండి, దారి తెలిసినవాడు. ఏపీ, టీజీ, కేఏ అయితే పైవాడు, మలుపులు తెలియనివాడు. ప్లేటు తెల్లగా ఉంటే సొంత బండి, పసుపైతే కిరాయి బండి, ఆకుపచ్చగా ఉంటే కరెంటు బండి. ఇంతవరకు చూపు చెప్పేది చాలావరకు నిజమే, ఎందుకంటే ఇవి చట్టం అంటించిన గుర్తులు. చిక్కు తర్వాతి అడుగులో వస్తుంది. పెద్ద నల్ల ఎస్‌యూవీ కనిపిస్తే పొగరుబోతు అనీ, పాత మారుతి కనిపిస్తే నెమ్మదస్తుడో పిసినారో అనీ, వెనక అద్దం మీద దేవుడి బొమ్మ ఉంటే భక్తుడనీ, కులం పేరు ఉంటే గొడవల మనిషనీ మనసు తనంతట తానే తీర్పు ఇచ్చేస్తుంది. ఫ్యాన్సీ నంబరు ఆ తీర్పుకు మరింత బలం ఇస్తుంది. హైదరాబాదు ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో 2024లో ఒక 9999 నంబరు వేలంలో రూ.25 లక్షలు దాటింది. ఆ డబ్బుతో మంచి కారే వస్తుంది. చూసేవాళ్ళు గుర్తు పెట్టుకోవాలన్న కోరిక ఎంత ఖరీదైనదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

బండికి ముద్ర పడడం ఒక్కరోజులో జరిగే పని కాదు. పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా నడిచింది. తెల్ల అంబాసిడర్ ఆగితే దిగేది కలెక్టరో మంత్రో అని జనం లేచి నిలబడిన రోజులున్నాయి. అదే అంబాసిడర్ కోల్‌కతాలో పసుపు రంగు టాక్సీ. బండి ఒకటే, రంగు మారగానే మర్యాద మారింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక సొంత కారు మధ్యతరగతి ఉద్యోగి ఇంటి ముందుకు చేరింది. 2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల బండ్ల మీద ఎర్ర బుగ్గలు తీసేశారు. హోదాను బండి నెత్తిన మోసే పద్ధతికి అలా చట్టప్రకారం తెరపడింది.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన ముద్ర టాటా సుమోది. 1994లో వచ్చిన ఈ బండికి టాటా మోటార్స్‌ను నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని అక్షరాలతో పేరు పెట్టారు. 1990ల చివర ఫ్యాక్షన్ సినిమాల జోరు మొదలయ్యాక వరసగా దుమ్ము రేపుకుంటూ వచ్చే సుమోలంటే రాయలసీమ, కత్తులు, బాంబులు అన్న బొమ్మ ప్రేక్షకుల మనసులో పాతుకుపోయింది. నిజానికి ఆ బండి ఎక్కువగా మోసింది పెళ్ళివాళ్ళను, రోగులను, తిరుపతి ప్రయాణికులను. ఒక వాహనం మీద వేసిన నింద ఒక ప్రాంతం మీదకు పాకడం చిన్న అన్యాయం కాదు.

ముద్ర కారునే ముంచేసిన సందర్భం టాటా నానోది. 2008 జనవరిలో ఢిల్లీలో చూపించి, 2009లో అమ్మకానికి పెట్టిన ఈ బండికి లక్ష రూపాయల కారు అన్న పేరు పడింది. స్కూటరు మీద నలుగురుగా వెళ్ళే కుటుంబానికి పైకప్పున్న బండి ఇవ్వాలన్నది రతన్ టాటా సంకల్పం. కారు కొనడమంటే వీధిలో ఒక మెట్టు ఎక్కడం అనుకునే దేశంలో, అన్నిటికన్నా చౌక బండిలో దిగడానికి చాలామంది వెనకాడారు. చౌక కారు అన్న ప్రచారం పొరపాటయిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి తయారీ ఆగిపోయింది.

ఇక ఈ అంచనాల్లో నిజమెంత? 1950ల అమెరికాలో ఫోర్డు కొనేవాడు దూకుడు మనిషి, షెవర్లే కొనేవాడు జాగ్రత్తపరుడు అని ప్రకటనలవాళ్ళు గట్టిగా నమ్మేవారు. ఫ్రాంక్లిన్ ఎవాన్స్ అనే పరిశోధకుడు రెండు రకాల యజమానులకూ స్వభావ పరీక్షలు పెట్టి 1959లో ఫలితం ప్రకటించాడు. ఆ పరీక్షలను బట్టి ఎవరిది ఏ కారో చెప్పబోతే 63 శాతం మాత్రమే సరిపోయింది. బొమ్మా బొరుసా వేసినా 50 శాతం సరిపోతుంది. అంటే స్వభావానికీ కారుకూ మధ్య ఉన్నది సన్నని దారం.

2012లో పాల్ పిఫ్, ఆయన సహచరులు కాలిఫోర్నియా కూడళ్ళలో నిలబడి బండ్లను లెక్కపెట్టారు. బాగా ఖరీదైన తరగతి కార్లలో దాదాపు 30 శాతం తమ వంతు రాకుండానే ముందుకు దూసుకుపోయాయి. పాత, చౌక కార్లలో అలా చేసినవి పదింట ఒకటి కూడా లేవు. ఈ ఫలితం చూసి ధనికుల మీద తీర్పు ఇవ్వడానికి తొందరపడేవాళ్ళు 2020లో ఫిన్లండ్ నుంచి వచ్చిన ఇంకో పరిశోధన కూడా చదవాలి. హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన యాన్-ఎరిక్ లోన్‌క్విస్ట్ బృందం 1,892 మంది కారు యజమానుల స్వభావాలను పరిశీలించింది. ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ వంటి కార్లు ఉన్నవాళ్ళలో తగాదాకోరు, స్వార్థపరులైన మగవాళ్ళు ఎక్కువగా కనిపించిన మాట నిజమే. అయితే పనిలో శ్రద్ధ, క్రమశిక్షణ ఉన్న మనుషులు కూడా, ఆడవాళ్ళూ మగవాళ్ళూ, అవే కార్ల వైపు మొగ్గారు. ఒకే కారులో రెండు ఎదురెదురు స్వభావాలు కూర్చున్నప్పుడు బయటినుంచి చూసేవాడికి ఎవరిని చూస్తున్నాడో తెలిసేదెలా?

కారు చూసేవాడి గుణాన్నే బయటపెడుతుందని ఇంకా పాత ప్రయోగం ఒకటి తేల్చింది. ఆంథొనీ డూబ్, అలన్ గ్రాస్ 1968లో ప్రకటించినది అది. సిగ్నల్ దగ్గర పచ్చదీపం పడ్డాక కూడా కదలకుండా ఒక కారును నిలిపి ఉంచారు. ముందున్నది పాత కారైతే వెనకవాళ్ళలో 84 శాతం హారన్ కొట్టారు. మెరిసే కొత్త క్రైస్లర్ అయితే 50 శాతమే కొట్టారు. ఇలాంటప్పుడు ఏం చేస్తారని విద్యార్థులను విడిగా అడిగితే, మగపిల్లలు ఖరీదైన కారు మీదే ముందు హారన్ కొడతామన్నారు. గొప్పవాళ్ళను లెక్కచేయమని నోటితో చెప్పడం వేరు, చెయ్యి హారన్ దాకా పోకుండా ఆగిపోవడం వేరు.

తెలుగు నేల మీద ఈ అంచనా తప్పడానికి మరిన్ని కారణాలున్నాయి. నడిపేవాడు చాలాసార్లు యజమాని కాడు, జీతానికి వచ్చిన డ్రైవరు. యజమాని కూడా ఆ కారును ఎంచుకున్నవాడు కాకపోవచ్చు. అది మామగారు పెళ్ళిలో పెట్టినది కావచ్చు, కంపెనీ ఇచ్చినది కావచ్చు, సెకండ్ హ్యాండ్‌లో దొరికినది కావచ్చు, అమెరికాలోని కొడుకు అమ్మానాన్నల కోసం పంపిన డబ్బుతో కొన్నది కావచ్చు. పైకి కనిపించే దర్జా వెనక ఏడేళ్ళ ఈఎంఐ ఉండవచ్చు. సొంతూళ్ళో పాత బండిలో తిరిగే రైతు పేరు మీద పదెకరాల మామిడి తోట ఉండవచ్చు. కారు చెప్పగలిగేది కుటుంబం అవసరం, అప్పు పుట్టే శక్తి, వాడే రోడ్డు. అంతకుమించి చెప్పినట్టు అనిపించేదంతా చూసేవాడు కల్పించుకున్నదే.

తొప్పూరు దాకా వచ్చేసరికి ఈ తేడాలన్నీ రెండుసార్లు చెరిగిపోతాయి. మొదటిది టోల్‌గేటు దగ్గర. అక్కడి పట్టికలో కారు, జీపు, వ్యాను అంతా ఒకే వరస. ఐదు లక్షల బండికైనా కోటి రూపాయల బండికైనా ఫాస్టాగ్ నుంచి తెగేది ఒకే రుసుము. రెండోది ఘాటులో. 2020 డిసెంబరు 12న ఇక్కడ ఆగి ఉన్న వాహనాల వరసలోకి లారీ దూసుకొచ్చి నలుగురు చనిపోయారు. 2024 జనవరి 24న లారీలు ఢీకొని, మధ్యలో ఒక కారు నలిగి మరో నలుగురు చనిపోయారు. వరసలో ఆగినప్పుడు ముందు ఏ కారుందో, వెనక ఏ కారుందో ఎవరూ ఎంచుకోలేరు.

ఈ దిగుడులో ప్రమాదాలకు పదేపదే చెప్పే కారణం ఒకటుంది. డీజిలు ఆదా కోసం బండిని న్యూట్రల్‌లో పెట్టి వాలుకు వదిలేస్తారు. గేరులో ఉంటే ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి, ఎంత తొక్కినా పట్టని స్థితి వస్తుంది. ఇంజను కూడా ఆపేస్తే బ్రేకులకు కావలసిన గాలి నిండడం ఆగిపోతుంది. వెనక వచ్చే కారువాళ్ళకు ఆ లారీ డ్రైవరు ఒళ్ళు తెలియని మనిషిలా కనిపిస్తాడు. ట్రిప్పుకు ఇంత డీజిలని యజమాని లెక్క కట్టి ఇచ్చి, మిగిలింది డ్రైవరుకు వదిలే చోట, ఆ న్యూట్రల్ వెనక ఉన్నది అతని ఇంటి ఖర్చు.