వెలిగే అంకెలు, తెలుగు అంకెల రూపం: సంఖ్యాదర్శినుల సాంకేతికత – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

విశాఖపట్టణం ఓడరేవు పరిసరాలలో సరుకు లారీ వేబ్రిడ్జి ఎక్కగానే కాటా గదిలో ఎర్రని అంకెలు వెలుగుతాయి. ప్రతి అంకె ఏడు గీతల కూర్పు. 8లో ఏడు గీతలూ వెలుగుతాయి, 1లో రెండే. లిపిని అధ్యయనం చేసేవారికి ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఈ చట్రంలో తెలుగు నాలుగు (౪) ఇముడుతుందా? ఇమడదు. ౪లో రేఖలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతాయి. ఏడు గీతలలో ఏటవాలు గీత ఒక్కటీ లేదు. సున్న మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా సరిపోతుంది. అయితే ఈ పరిమితి ఎలక్ట్రానిక్ సాంకేతికత అంతటికీ వర్తిస్తుందా అన్నది పరిశీలించవలసిన అంశం.

నిక్సీ గొట్టం:

అమెరికాలోని బరోస్ సంస్థ 1955లో నిక్సీ గొట్టాన్ని విపణిలోకి తెచ్చింది. గాజు గొట్టంలోని గాలిని తొలగించి, తక్కువ పీడనంలో నియాన్ వాయువును నింపుతారు. లోపల పలుచని లోహంతో అంకెల ఆకారంలోనే మలచిన పది రుణధ్రువాలు ఒకదాని వెనుక ఒకటి అమరి ఉంటాయి. వాటి ముందు జల్లెడ వంటి ధనధ్రువం ఉంటుంది. సుమారు 170 వోల్టుల విద్యుత్తును ఏ అంకెకు అందిస్తే, ఆ అంకెను అంటిపెట్టుకొని ఉన్న వాయువు నారింజ రంగులో ప్రకాశిస్తుంది. సాధారణ బల్బులో వలె ఇక్కడ లోహం కాగి వెలగదు. వెలిగేది దాని చుట్టూ ఉన్న వాయువే. అంకెలు వేర్వేరు లోతులలో ఉండడం వల్ల, అంకె మారిన ప్రతిసారీ అది ముందుకో వెనక్కో జరిగినట్లు కనిపిస్తుంది.

చాలాకాలం వెలిగించని అంకెపై, వెలుగుతున్న అంకెల నుంచి రాలిన లోహకణాలు పొరగా పేరుకుంటాయి. తరువాత వెలిగించినా అది అక్కడక్కడా మసకగానే కనిపిస్తుంది. వాడని అంకె చెడిపోతుందన్నమాట! లిపి చరిత్ర చదివినవారికి ఇది వింతగా తోచదు.

ప్రస్తుత అంశానికి కీలకమైనది ఇది: నిక్సీలో అంకె రూపం లోహాన్ని మలచిన తీరుపైనే ఆధారపడుతుంది. 4ను మలచిన పనివాడు ౪ను కూడా మలచగలడు. కూడిక, తీసివేత గుర్తులతోనూ, అక్షరాలతోనూ ఇటువంటి గొట్టాలు తయారయ్యాయి.

ఏడు గీతల ఆధిపత్యం:

1960ల చివర జపానులో వాక్యూమ్ ఫ్లోరొసెంట్ దర్శిని రూపొందింది. సన్నని తీగ నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు పూత పూసిన గీతలను తాకినప్పుడు నీలిమ కలిసిన ఆకుపచ్చ కాంతి వస్తుంది. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 చేతి కాలిక్యులేటర్‌లో ఎర్రని ఎల్‌ఈడీ అంకెలు ఉన్నాయి. ఎల్‌ఈడీకి రెండు వోల్టులు చాలు. అయిదు వోల్టులతో పనిచేసే చిప్‌లకు అది సులభంగా జతపడింది. 170 వోల్టుల గాజు గొట్టం ఆ పోటీలో నిలువలేదు. చౌకదనం నెగ్గింది, దానితోపాటు ఏ అంకె రూపాన్నైనా చూపగల వెసులుబాటు పోయింది.

తెలుగు అంకెలను ఏడు గీతలే వాడుక నుంచి తొలగించాయనడం మాత్రం అతిశయోక్తి. కేంద్ర ప్రభుత్వ అధికారిక వ్యవహారాలకు అంతర్జాతీయ రూపంలోని అంకెలను రాజ్యాంగం 343వ అధికరణం అప్పటికే నిర్దేశించింది. నిత్యవ్యవహారంలోనూ తెలుగు అంకెలు వెనుకబడ్డాయి. ఎల్‌ఈడీ చుక్కల పలకలు వచ్చాక ఏటవాలు గీత సమస్య తీరింది. యూనికోడ్‌లో ౦ నుంచి ౯ వరకు 1991 నుంచే స్థానాలున్నాయి. అయినా విశాఖ రైల్వేస్టేషన్ బోర్డుపై ఊరి పేరు తెలుగులో వెలిగినప్పుడు, దాని పక్కన రైలు సంఖ్య అంతర్జాతీయ అంకెలలోనే కనిపిస్తుంది.