చప్పుడు తగ్గించే గొట్టం కూడా తుపాకే!

ఐరాల మండలంలో చెరకు తోటకైనా, వేరుశనగ చేనికైనా అడివిపందుల బెడద కొత్త కాదు. పొలం ఆసామిదే అయినా, రాత్రంతా మేలుకొని కాపలా ఉండేది కూలి మనిషి. ఆ మనిషి చేతికి టార్చిలైటుతో పాటు లైసెన్సు లేని నాటు తుపాకి కూడా ఇస్తే? చప్పుడు ఫారెస్టువాళ్ల చెవిన పడకుండా దానికో సైలెన్సరు చేసిపెట్టమని కొలిమి కాడికో, లేతు మిషను కాడికో వస్తే? "ఒట్టి ఇనుప గొట్టమే గదా, దీనికేం కేసు?" అనుకుంటే నిండా మునిగినట్టే.

1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షనులోనే ఈ సంగతి తేల్చేసింది. తుపాకి పేలినప్పుడు వచ్చే చప్పుడునో, మంటనో తగ్గించడానికి చేసిన సామాను కూడా చట్టం దృష్టిలో తుపాకే. తుపాకి విడిభాగాలూ అంతే, వాటిని తయారుచేసే యంత్రాలూ అంతే. అంటే తుపాకిని ముట్టుకోకుండా గొట్టం మాత్రమే చేసినవాడు కూడా తుపాకి చేసినవాడి కిందే లెక్క.

ఐదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేయడం, అమ్మడం, చేతులు మార్చడం, రిపేరు చేయడం అన్నీ నేరాలే. దీనికి మునుపు శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. 2019 సవరణ దాన్ని ఏడేళ్ల నుంచి యావజ్జీవానికి పెంచింది, జరిమానా అదనం. లైసెన్సు లేని తుపాకి ఊరికే దగ్గర పెట్టుకున్నా రెండు నుంచి ఐదేళ్లు. పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. పది రూకల కూలి కోసం చేసిన పనికి పదేళ్ల జైలు!

మరి తుపాకి ఇచ్చిన ఆసామి సంగతేమిటి? "నాకు తెలీదు, కాపలావాడిదే" అని తప్పించుకోచూస్తాడు. అయితే స్వాధీనం అంటే చేతిలో ఉండడమొకటే కాదని, తెలిసి తన అదుపులో ఉంచుకున్నా స్వాధీనమేనని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. కాబట్టి తుపాకి ఎవరిచ్చారో, ఎవరి కొట్టంలో దాచారో మొదటి రోజే వకీలుకు చెప్పాలి. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకున్న కేసులో మూడో సెక్షను కింద కోర్టుకెక్కాలంటే జిల్లా మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి తప్పనిసరి. ఆ కాగితం ఉందా లేదా అని వకీలు చేత అడిగించాలి. ఫీజుకు డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి, ఆడవాళ్లకు, దళితులకు, గిరిజనులకు ఉచితంగా వకీలునివ్వాలి.

పంట కాపాడుకోవడం రైతు హక్కు. దానికి చట్టంలోనే దారి ఉంది. పంట రక్షణ కోసమని నిజంగా అవసరం చూపితే, మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని పదమూడో సెక్షను చెబుతోంది. తుపాకికి లైసెన్సుంటే పందిని కాల్చవచ్చని మాత్రం అనుకోరాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ అధికారి అనుమతి వేరుగా కావాలి. తాత చనిపోయి ఆయన లైసెన్సు తుపాకి ఇంట్లో మిగిలిపోతే, ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేయాలి.

కూలి సోదరులకు మేం చెప్పేదొక్కటే. లైసెన్సు లేని తుపాకి ఎవరిచ్చినా పట్టుకోవద్దు. గొట్టం చేయమంటే చేయవద్దు. కాపలాకు టార్చీ, మంచె, జోడు మనిషి, రాత్రి కూలి అడగండి. ఒక్కడు కాదంటే పని పోతుంది. ఊరంతా కలిసి కాదంటే ఆసామే కలెక్టరాఫీసుకు పోయి లైసెన్సు తెచ్చుకుంటాడు. పంట ఆసామిది, జైలు కూలోడిదీ అనే లెక్క ఇక చెల్లదు.