కారు ముందు బ్రేకులు: ప్యాడ్లు, డిస్కులు ఇంటివద్ద మార్చుకోవడం



మన చంద్రపూర్, బల్లార్షా, రాజురా ప్రాంతాల్లో కారు బ్రేకులకు పని ఎక్కువ. బొగ్గు లారీలు, గడ్‌చాందూర్ వైపు నుంచి వచ్చే సిమెంటు బండ్లు, రోడ్డు మీద నిత్యం లేచే దుమ్ము, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ. వానాకాలంలో వర్ధా నది పొంగితే రాజురా వంతెన దగ్గర రాకపోకలే ఆగిపోతాయి. ఇక్కడి తెలుగు కుటుంబాలకు పెళ్లికీ పండక్కీ ఆసిఫాబాద్, కాగజ్‌నగర్, మంచిర్యాల దాకా పోయి రావడం మామూలే. 1956 దాకా రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది కదా! సరిహద్దు జరిగింది కానీ చుట్టరికాలు జరగలేదు. అలా పిల్లాపాపలతో బయలుదేరే బండికి ముందు బ్రేకులు ఎలా ఉన్నాయో చూసుకోవడం, అవసరమైతే మనమే మార్చుకోవడం ఎలాగో ఈరోజు చెప్పుకుందాం.

బ్రేకు చేసే పని ఒక్కటే, పరుగును వేడిగా మార్చడం. వెయ్యి కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగిందంటే, దాదాపు అర లీటరు చన్నీళ్లను మరిగించేంత వేడి పుడుతుంది. వేగం రెట్టింపయితే వేడి నాలుగింతలు. పైగా బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది, కాబట్టి ఆ పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. మూసి ఉన్న డ్రమ్ములో వేడి త్వరగా బయటికి పోదు. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది. బ్రిటన్‌లో లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నా, 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచాకే లోకం దాన్ని గట్టిగా పట్టించుకుంది.

ఇక మార్చాలని ఎలా తెలుస్తుంది? బ్రేకు వేసినప్పుడల్లా సన్నగా కీచుమంటే, ప్యాడుకున్న చిన్న రేకు డిస్కుకు తగులుతోందన్నమాట. హెచ్చరిక కోసమే దాన్ని పెడతారు. గరగరమని ఇనుము ఇనుమును గీరినట్టు వినిపిస్తే, ఆ హెచ్చరిక కూడా దాటిపోయింది, బండి తీయకండి. కొత్త ప్యాడు మీది పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది, 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చడమే. బ్రేకు తొక్కినప్పుడు కాలి కింద పెడలు, చేతిలో స్టీరింగు అదిరితే డిస్కు అరుగుదల సమంగా లేదని అనుమానించాలి.

ప్యాడ్లు మార్చినప్పుడల్లా డిస్కులు కూడా మార్చాల్సిందే అనే దుకాణదారులున్నారు. ఆ మాట పట్టుకుని డబ్బు పోసుకోనక్కర్లేదు. డిస్కు అంచు మీదో మధ్య భాగం మీదో కనీస మందం ఎంతో అంకెల్లో చెక్కి ఉంటుంది. దానికంటే పలచబడినా, పగులు కనిపించినా, గోరు ఆనేంత లోతు గాళ్లు పడినా మార్చాలి. కొలిచేటప్పుడు ఒక చిక్కుంది. అరగని అంచు గట్టులా నిలబడి ఉంటుంది, వెర్నియర్ దాని మీద పడితే కొలత ఎక్కువగా చూపిస్తుంది. గట్టుకు లోపల రెండు వైపులా ఒక్కో నాణెం ఆనించి కొలిచి, ఆ రెండు నాణేల మందం తీసేయండి, అసలు మందం తేలుతుంది.

ప్యాడ్లయినా డిస్కులయినా కుడి, ఎడమ రెండూ కలిపి మార్చాలి. ఒక్క వైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. కొనేటప్పుడు ఆర్‌.సి. పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఒకే పేరున్న కారుకు సంవత్సరాన్ని బట్టి డిస్కు కొలత మారుతూ ఉంటుంది. ఒక మాట ముందే చెప్పాలి. కొన్ని పాత చిన్న కార్లలో డిస్కు హబ్‌కు వెనకవైపు బిగించి ఉంటుంది, హబ్‌ను లాగితే తప్ప అది రాదు. అలాంటి బండి అయితే పని గ్యారేజీకి అప్పగించడమే మేలు. మిగతా బండ్ల సంగతి వేరు. స్టెప్నీ మార్చి, నట్టు సరిగ్గా బిగించే ఓపిక ఉన్నవారు చేసుకోవచ్చు. మొదటిసారి మాత్రం పని తెలిసిన మనిషిని పక్కన ఉంచుకోండి.

బండిని సమంగా, గట్టిగా ఉన్న నేల మీద నిలపండి. మన నల్లరేగడి నేల మీద జాకీ దిగబడుతుంది, కింద మందపాటి చెక్క వేయాలి. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. ఎత్తాక బండి బరువును ఇనుప స్టాండు మీదికి దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం విప్పకండి. ఇటుకలు పేర్చి ఆనించడం అంతకంటే ప్రమాదం, బరువు పడితే ఇటుక చెప్పకుండా పగులుతుంది. విప్పిన చక్రాన్ని కారు కిందికి తోసి ఉంచితే అదొక అదనపు కాపు.

ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి. ఏ క్లిప్పు ఎటుందో సందేహం వస్తే రెండో వైపు చూసి సరిచూసుకోవచ్చు.

ప్యాడ్లను నొక్కే ఇనుప పనిముట్టే క్యాలిపర్. దాని వెనక రెండు బోల్టులుంటాయి. చాలా బండ్లలో కింది బోల్టు తీస్తే అది తలుపులా పైకి లేస్తుంది. డిస్కు కూడా మార్చాలంటే క్యాలిపర్‌ను పూర్తిగా ఊడదీసి, తీగతో స్ప్రింగుకు కట్టండి. బ్రేకు రబ్బరు పైపు మీద దాన్ని వేలాడదీస్తే పైపు లోపల చిట్లవచ్చు, ఆ చిట్లుడు పైకి కనిపించదు కూడా. కొత్త కార్లలో పక్కనే ఏ.బి.ఎస్. తీగ ఉంటుంది, దాన్నీ లాగకండి.

లోపలి దుమ్మును నోటితో ఊదకండి, గాలి పంపుతో కొట్టకండి. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు విషం. తడి గుడ్డతో తుడవండి.

పాత ప్యాడ్లు పారేసే ముందు పక్కపక్కన పెట్టి చూడండి. లోపలిది బాగా అరిగి బయటిది మిగిలి ఉంటే, క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకున్నాయని అర్థం. మన దగ్గర బూడిద, బొగ్గుపొడి, వాననీరు కలిసి ఈ పిన్నులను తరచుగా పట్టేస్తాయి. దాన్ని సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే కథ. పిన్నులు బయటికి తీసి, శుభ్రంగా తుడిచి, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, వద్దు.

క్యాలిపర్ బ్రాకెట్‌కున్న రెండు పెద్ద బోల్టులు తీస్తే డిస్కు చేతికి రావాలి. తుప్పుకు అంటుకుపోతే చాలా డిస్కులకు మరలున్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో తగిన బోల్టులు సమంగా బిగిస్తూ పోతే అదే వెలుపలికి తోసుకొస్తుంది. తర్వాత హబ్ ముఖాన్ని వైరు బ్రష్షుతో, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దండి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. వెంట్రుకంత తుప్పు పొర మిగిలినా కొత్త డిస్కు వంకరగా కూర్చుని, రెండు మూడు వేల కిలోమీటర్లకే పెడలు అదరడం మొదలవుతుంది. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. దాన్ని బ్రేకు క్లీనరుతో గానీ, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి గానీ పోగొట్టాలి.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. బానెట్టు ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా మూత వదులు చేయండి. పాత ప్యాడును పిస్టన్ మీద ఆనించి, సి-క్లాంపుతో మెల్లగా నొక్కండి. ఆయిల్ పొంగితే గుడ్డతో తీసేయండి, రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్-4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగవచ్చు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే, అలాంటి ఆయిల్‌లో బుడగలు పుట్టి పెడలు మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటారు, ఘాట్ మీద చిన్న గేరు వాడమంటారు.

ప్యాడ్ల ముఖానికి వేలి జిడ్డు అంటకుండా అమర్చి, బోల్టులన్నీ మీ కారు పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్కు పానాతో బిగించండి. చక్రం నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి, బండి దించాక మళ్లీ పూర్తిగా బిగించాలి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఇంజను ఆన్ చేయకముందే బ్రేకు పెడలును పదిసార్లు తొక్కండి. పిస్టన్ వెనక్కి పోయింది కాబట్టి మొదటి తొక్కుకు అది నేలదాకా పోతుంది. గట్టిపడేదాకా తొక్కకుండా బండి తీస్తే, ఎదురుగా గోడ ఉన్నా పిల్లవాడున్నా ఆగదు. పెడలు గట్టిపడ్డాక ఆయిల్ మట్టం చూసి, మూత బిగించండి. ఎంత తొక్కినా పెడలు మెత్తగానే ఉంటే, ఆ బండిని ఇంటి ముందు నుంచి కదిలించకుండా మెకానిక్కునే పిలిపించండి.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా, మరీ గట్టిగా కాకుండా, ఎనిమిది పదిసార్లు వేగం తగ్గించండి. ఒక్కోసారికీ మధ్య కాసేపు నడిపి చల్లారనివ్వండి. వేడెక్కిన డిస్కు మీద ప్యాడును ఒకేచోట నొక్కి నిలిపి ఉంచవద్దు. దీనితో ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. మొదటి 200 కిలోమీటర్లు ముందు బండికి కాస్త ఎడం ఎక్కువ ఉంచి నడపండి. 100 కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు మరోసారి చూసుకోండి.