ఫోనులోని చిత్రము ఇంటి డీవీడీ యంత్రమున నాడుట యెట్లు?

మెట్‌పల్లి ప్రాంతమునుండి గల్ఫు దేశములకు బోయి కష్టించువారు పెక్కురు గలరు. వారి క్షేమసమాచారము నేడు చేతిఫోనున దీసిన వీడియోలుగా వచ్చుచున్నది. మా తరగతివాడొకడు తన తండ్రి పంపిన వీడియోలను నాయనమ్మకు జూపగోరెను. ఆమె కన్నులకు ఫోనుతెర యానదు. ఇంట నొక పాత డీవీడీ యంత్రము గలదు. ఆ ఫైళ్లను డిస్కుమీది కెక్కించి యంత్రమున బెట్టగా, అది వానిని చదువజాలకపోయెను. అంతట మేము కారణము విచారించితిమి.

ఫోను సాధారణముగా వీడియోను హెచ్.264 అను పద్ధతిచే కుదించి దాచును. డీవీడీయో, 1996లో జపానునందు వెలువడినది. దానికి ఎంపెగ్-2 పద్ధతియే ముఖ్యము. చిత్రముయొక్క కొలత పాల్ విధానమున 720 × 576 చుక్కలు, సెకనునకు 25 చిత్రములు. ఎన్‌టీఎస్‌సీ విధానమున 720 × 480 చుక్కలు, సుమారు 30 చిత్రములు. ధ్వని సెకనునకు 48,000 నమూనాలుగా నుండవలెను. కావున ఫైలు పేరు మార్చినను, ఊరక నకలు చేసినను ఫలము లేదు. చిత్రము నంతయు విప్పి మరల కుదింపవలెను. డీవీడీ స్టైలర్ అను ఉచిత సాధనము ఈ పనిచేసి, యంత్రము వెదకెడు ‘వీడియో టీయస్’ అను ఫోల్డరును గూడ కూర్చును.

మన దేశమున అనలాగు టెలివిజను ప్రసారమునకు పాల్ విధానమే వాడుకగా నుండెను. అయినను ఫోను తరచు సెకనునకు 30 చిత్రములు దీయును గనుక, వానిని 25కు దింపినచో కదలికలు తడబడును. ఇంటి యంత్రము రెండు విధానములను జూపునేని ఎన్‌టీఎస్‌సీయే మేలని మా యభిప్రాయము.

ఒకపొర డిస్కున 470 కోట్ల బైట్లు పట్టును. చిత్రధ్వనులకు కలిపి సెకనునకు 50 లక్షల బిట్లు కేటాయించినచో రెండు గంటలకు మించి కొంచెము వచ్చును. అంతకంటె నెక్కువ దూర్చినచో ముఖములు గళ్లుగళ్లుగా విరుగును.

మేము మొదట జేసిన డిస్కున నొక తప్పు దొరలినది. ఫోనును అడ్డముగా బట్టి తీసిన చిత్రము 16:9 నిష్పత్తిది; మేము 4:3 అని గుర్తించితిమి. వెడల్పు నాలుగింట మూడుపాళ్లకు దగ్గి, మనుష్యుడు పొడవై చిక్కిపోయినట్లు గానవచ్చెను. నాయనమ్మ చూచి, “బిడ్డ గింత బక్కగయ్యిండేందిరా, ఆడ అన్నం తింటలేడా?” యని కన్నీరు వెట్టుకొనెను. అది యంత్రదోషమని యెంత చెప్పినను నమ్మదయ్యెను. ఫోనులోని అసలు ఫైళ్లను తుడిచివేయకుండుటచే మరునాడే నిష్పత్తి సవరించి క్రొత్త డిస్కు చేయగలిగితిమి. ఒకమారు మార్చిన దానినే మరల మార్చియుండినచో చిత్రము మరింత మసకబారెడిది.

రెండవ డిస్కును ఆమె కడవరకు జూచి, మరల మొదటినుండి వేయుమనెను.