చిత్తరువులో చేతులు

చిత్తరువును చూచువారి కన్ను మొదట ముఖముమీద వ్రాలును. చేతులను పరికించువారు అరుదు. కాని ముఖము దాచిన మాటను ఒక్కొకప్పుడు చేయి చెప్పును. నాట్యమునకు హస్తమెంత ముఖ్యమో నందికేశ్వరుని అభినయదర్పణము చదివిన సోదరీమణులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. నాట్యము నెఱుగనివారికి చిత్రసూత్రము బోధపడదని విష్ణుధర్మోత్తర పురాణమును చెప్పుచున్నది. ఈ మాట పాశ్చాత్య చిత్రములకును చెల్లునని చూపుటకై ఒక చిన్న పెన్సిలు బొమ్మను గూర్చి వ్రాయుచున్నాము.

ఫ్రెంచి చిత్రకారుడగు ఆంగ్రు దీనిని 1819లో రోము నగరమున వ్రాసెను. నేడిది పారిసులోని లూవ్రు చిత్రశాలయందున్నది. 1815లో నెపోలియను పతనమైన పిదప పోషకులు కఱవై, ఆంగ్రు యాత్రికుల రూపములను పెన్సిలుతో వ్రాసి సంసారము నడుపుకొనుచుండెను. ఈ బొమ్మలోని మనిషి జెనోవా నగరపు ఫిడేలు విద్వాంసుడు పగనీనీ. అతడు వాయించుట లేదు. ఫిడేలును చంక నిడుకొని, కమాను పట్టి, నెమ్మదిగా మనవైపు చూచుచున్నాడు.

ఇందేమి విశేషమందురా? పగనీనీ తన ఆత్మను దయ్యమునకు విక్రయించి ఆ విద్య సంపాదించెనని యూరపున వదంతి పుట్టెను. భావావేశమునకు పట్టము గట్టిన కాలమది. 1831లో దెలక్రువా అను మఱియొక ఫ్రెంచి చిత్రకారుడు అతనినే రంగులతో వ్రాసెను. అందు అతడు చీకటిలో, నల్లని దుస్తులతో, పూనకము వచ్చినవానివలె వాయించుచున్నాడు. ఒక చిత్రమున విద్య మనిషిని పట్టుకొన్నది. మఱియొకదాన మనిషి విద్యను పట్టుకొన్నాడు. ఆంగ్రు తానును ఫిడేలు సాధన చేసినవాడే. అట్టి చేతికి దయ్యముతో పనియేమి?

ఆంగ్రు 1818లో వ్రాసిన స్తమాతీ కుటుంబపు పెన్సిలు బొమ్మలో కూతురు పియానో మెట్లమీద చేయి ఉంచినది. ఆమె ఇంటికి అలంకారము మాత్రమే కాదు, విద్య గలదియని ఆ చేయి చెప్పుచున్నది.

మా పగిడ్యాలవంటి ఊళ్ల గోడలమీది పాత ఛాయాచిత్రములను చూడుడు. పురుషుని చేత పుస్తకమో చేతికఱ్ఱయో యుండును. స్త్రీ చేతులు ఒడిలో ముడుచుకొనియో కొంగు చాటుననో యుండును. వంట వండి, పత్తి తీసి, బిడ్డలకు అక్షరములు దిద్దించిన చేతులకు అందు చోటు లేదు. నేడు ఇంటనే ఫోనుతో రూపము తీయవచ్చును. అమ్మమ్మను కూర్చుండబెట్టునపుడు ఆమె చదువుకొను భాగవతమునో, ఆమె చెఱుగు చేటనో ఆమె చేతి కిండు. రేపటి మనుమరాండ్రు ముఖమున పోలికలు వెదకుదురు. ఆమె యేమి చేసి బ్రదికెనో చేతులను చూచియే తెలిసికొందురు.