గుహలో ఎముకలు... గడ్డిలో గద్దలు!

పగలు బిల్లసర్గం గుహల్లో రెండు లక్షల ఏళ్ల నాటి జంతువుల జాడలు. సాయంత్రం రోళ్లపాడు గడ్డి మైదానంలో మధ్య ఆసియా నుంచి వచ్చిన గద్దల విడిది. కర్నూలు సీమలో రెండూ ఒక్కరోజులో చూసి రావచ్చు. రెండూ చెప్పేది మాత్రం ఒకే మాట!

జనవరి నెల. పొద్దు వాలుతోంది. రోళ్లపాడు అభయారణ్యంలో గడ్డి గాలికి ఊగుతోంది. ఆకాశంలో ముందు ఒక చుక్క కనిపిస్తుంది. తర్వాత రెండు, నాలుగు... దగ్గరికొచ్చాక తెలుస్తుంది, అవి గద్దలని. రెక్కలు పైకెత్తి, గడ్డిని తాకుతాయేమో అన్నంత కిందుగా తేలుతూ వచ్చి చటుక్కున మాయమైపోతాయి. చెట్టెక్కవు, గుట్ట మీద వాలవు. గడ్డి మధ్యలో నేలే వాటి పడక!

ఇవి పిల్లిగద్దలు. వేసవిలో కజకిస్థాన్, రష్యా మైదానాల్లో పిల్లల్ని పెంచుతాయి. అక్కడ చలి మొదలయ్యేసరికి బయల్దేరి వేల కిలోమీటర్లు ఎగిరి మన దగ్గరికొస్తాయి. వీటిలో మాంటేగు పిల్లిగద్ద అరకిలో కూడా తూగదు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి మళ్లీ తిరుగు ప్రయాణం.

ఈ దృశ్యం కోసం సాయంత్రం దాకా ఆగాలి. ఆలోగా చూడాల్సినవి బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు.

సున్నపురాయి దాచిన కథ

బేతంచెర్ల అనగానే బండలు గుర్తొస్తాయి. ఎన్నో ఇళ్లలో పరిచిన ఆ నాపరాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. 50 కోట్ల ఏళ్ల కన్నా పాతది. వెన్నెముక ఉన్న జీవులు పుట్టకముందు రాయి కాబట్టి అందులో జంతువుల ఎముకలు వెతికితే దొరకవు. అవి దొరికింది ఆ రాయిని నీళ్లు కరిగించి తొలిచిన గుహల్లో, తర్వాతెప్పుడో చేరిన మట్టిలో.

1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహల గురించి రాశాడు. నలభై ఏళ్ల తర్వాత భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు ఇక్కడ తవ్వకాలు జరిపారు. ఎముకలు ఎన్ని దొరికాయంటే, ఒక గుహకు ఏకంగా 'చార్నెల్ హౌస్' అని పేరు పెట్టేశారు. అంటే ఎముకల కొట్టు! వాటిని పరిశీలించిన రిచర్డ్ లైడెకర్ ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు కలిపి 'రైనోసరస్ కర్నూలియెన్సిస్' అన్నాడు. ఇప్పుడు ఖడ్గమృగాన్ని అడవిలో చూడాలంటే అస్సాం వైపు వెళ్లాల్సిందే.

2014లో వెలువడిన పరిశోధన అసలు విశేషం చెప్పింది. ఇక్కడి పొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 కనీసం లక్ష ఏళ్లుగా మన ఉపఖండంలో బతుకుతూనే ఉన్నాయి. కొన్నింటి ఆనవాళ్లు రెండు లక్షల ఏళ్ల నాటివి. కరవులొచ్చాయి, వాతావరణం మారింది. ఒకచోట బతుకు కష్టమైతే అవి మరో చోటికి జరిగాయి. అలా జరగడానికి అప్పట్లో అడవి, గడ్డినేల కలిసిన జాగా ఉంది.

జరగడానికి చోటేదీ?

దారి పొడవునా కళ్లు పైకీ కిందికీ తిప్పుతుండాలి. పొలాల మీద తక్కువ ఎత్తులో, రెక్కలు 'వి' ఆకారంలో పట్టుకుని ఎగిరే పక్షి కనిపిస్తే అది పిల్లిగద్దే కావచ్చు. బూడిద రంగులో, రెక్కల కొసలు నల్లగా ఉంటే మగది. గోధుమ రంగులో ఉండి తోక మొదట్లో తెల్లపట్టీ కనిపిస్తే ఆడది.

ఇంతకీ దేనికోసం వెతుకుతుంది? ముఖ్యంగా మిడతల కోసం! రాత్రి విడిదిచేసిన చోట ఇవి కక్కిన ఉండల్ని విప్పిచూస్తే మిడతల కాళ్లు, రెక్కలు బయటపడతాయి. అంటే రైతుకు కూలి అడగని కాపలాదార్లన్నమాట.

ఆ కాపలాదార్లే తగ్గిపోతున్నారు. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం 6 చదరపు కిలోమీటర్ల చిల్లర. 1980ల్లో ఇక్కడ పిల్లిగద్దలు వందల్లో దిగేవి. దేశంలోని విడిదుల్లో ముప్పై ఏళ్ల లెక్కల్ని బెంగళూరులోని 'ఏట్రీ' సంస్థ పరిశోధకులు పోల్చి చూశారు. సంఖ్య పడిపోతోందని 2018లో తేల్చారు. గడ్డినేలను బంజరని రాసుకుంటే దాన్ని దున్నేయడానికి, కట్టేయడానికి ఎవరికీ మనసు చివుక్కుమనదు. పురుగుమందులు మిడతల్నీ మిగల్చవు.

వెళ్లాలనుకుంటే...

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అటవీ సిబ్బంది అనుమతి తీసుకోవాలి. బైనాక్యులర్ తప్పనిసరి. పొద్దుగూకే వేళ గడ్డిలోకి అడుగుపెట్టకూడదు, ఒక్క మనిషి అలికిడికే గద్దలన్నీ లేచిపోతాయి. గుహల్లో తవ్వడం, ఎముక ముక్కలు ఇంటికి తెచ్చుకోవడం వద్దు. పొర కదిలితే దాని వయసు చెప్పే ఆధారం పోతుంది.

చీకటి పడుతుంది. ఆఖరి గద్ద గడ్డిలోకి దిగిపోతుంది. లక్ష ఏళ్లు బతికిన జీవులు బతకగలిగింది కదలడానికి నేల ఉన్నందుకే. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ఈ పక్షి అడుగుతున్నదీ ఒక్క రాత్రి పడుకోవడానికి మోకాలెత్తు గడ్డి, అంతే!