వరసలు చెప్పే కథ

ఒక యువకునికి మేనమామ కుమార్తె ఉన్నది. పినతండ్రి కుమార్తె కూడా ఉన్నది. రక్తసంబంధాన్ని లెక్కిస్తే ఇద్దరూ అతనికి సమాన దూరంలోనివారే. ఒకరితో తల్లి వైపు తాతా అమ్మమ్మలు ఉమ్మడి. మరొకరితో తండ్రి వైపు తాతా నాయనమ్మలు ఉమ్మడి. అయినా తెలుగునాట మొదటి ఆమె మరదలు, రెండవ ఆమె చెల్లెలు. మొదటి ఆమెతో వివాహమంటే బంధువులు ముచ్చటపడతారు. రెండవ ఆమె విషయంలో ఆ ఊహ సైతం పాపం. ప్రకృతి చూపని ఈ భేదాన్ని కల్పించినది సమాజమే. ప్రేమ, వివాహం, బంధుత్వం అనే వాటిని గూర్చి మానవశాస్త్రజ్ఞులు సాగించిన విచారణకు ఇటువంటి ప్రశ్నలే మూలం.

మన బంధువాచకాలను ఒకసారి పరికించండి. తండ్రి సోదరులు పెదతండ్రి, పినతండ్రి; తల్లి సోదరీమణులు పెద్దతల్లి, పినతల్లి. వీరందరూ తల్లిదండ్రుల కోవలోనివారే గనుక వీరి పిల్లలు మనకు తోబుట్టువులు. తండ్రి సోదరి మాత్రం అత్త; తల్లి సోదరుడు మామ. పెండ్లితో వచ్చే పెద్దలు కూడా అత్తమామలే. పురుషునికి సోదరి కుమారుడు మేనల్లుడు. కూతురి భర్త అల్లుడు. ఒకే మాట రెండు చోట్ల నిలవడం భాషాదారిద్ర్యం కాదు. ఏ ఇంటితో వియ్యమందవచ్చునో తెలిపే నియమమే ఆ మాటలలో ఇమిడి ఉన్నది. ఫ్రెంచి పండితుడు లూయీ ద్యుమోఁ 1953లో ద్రావిడ బంధువాచకాలను గూర్చి వ్రాస్తూ ఈ విషయాన్నే వివరించాడు. తండ్రికి బావమరిది అయినవాడే కొడుకుకు మేనమామ. అనగా వియ్యం ఒక తరంతో ముగియక, ఆస్తివలె తరువాతి తరానికి సంక్రమిస్తున్నది.

అంతకు చాలా పూర్వమే, 1871లో, అమెరికా న్యాయవాది లూయిస్ హెన్రీ మోర్గన్ తన బృహద్గ్రంథంలో తమిళ, తెలుగు వరసలను అమెరికా ఆదివాసులైన సెనెకాల వరసలతో పోల్చి చూపాడు. వారు కూడా తండ్రి సోదరుని తండ్రి అనీ, తల్లి సోదరిని తల్లి అనీ పిలిచేవారు. అయితే మేనరికం వారికి నియమం కాదు. పిలుపులు కలిసినంత మాత్రాన వివాహ నియమాలు కలవవలెనని లేదు.

ఇతర దేశాల సంగతి చూడండి. ఉత్తరభారతంలో హిందీ మాట్లాడే హిందువులలో అత్యధికులకు మామ బిడ్డలూ, పినతండ్రి బిడ్డలూ అందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే. అరబ్బు సమాజాలలో, మనకు పూర్తిగా విరుద్ధంగా, తండ్రి సోదరుని కుమార్తెయే తగిన వధువుగా ఎంచబడుతూ వచ్చినది. చైనాలో పూర్వం ఒకే ఇంటిపేరు గలవారి మధ్య వివాహం నిషిద్ధం, మేనరికం సమ్మతం. 1980 నాటి వివాహచట్టం ఆ మేనరికాన్ని కూడా నిషేధించినది.

ఈ వైవిధ్యం మన పూర్వులకు తెలియనిది కాదు. బౌధాయన ధర్మసూత్రం దాక్షిణాత్యుల ప్రత్యేకాచారాలలో మేనమామ కుమార్తెను, మేనత్త కుమార్తెను వివాహమాడటాన్ని పేర్కొన్నది. ఒక ప్రాంతపు ఆచారాన్ని మరొక ప్రాంతంలో అనుసరించడమే దోషమని చెప్పినది. 1955 నాటి హిందూ వివాహచట్టం సైతం దగ్గరి బంధువుల వివాహాలను నిషేధిస్తూనే, ఉభయపక్షాల ఆచారం అనుమతించే చోట మినహాయింపు నిచ్చినది.

మరి ప్రేమ మాటేమిటి? కొన్ని వరసలవారికి పరస్పరం పరిహాసమాడే స్వేచ్ఛను సమాజమే ఇస్తుందని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1940లో వివరించాడు. బావామరదళ్ళ సరసోక్తులను పెద్దలు నవ్వుతూ వింటారు; అన్నాచెల్లెళ్ళ మధ్య ఆ మాటలకు తావు లేదు. అనురాగం హృదయంలో పుట్టేదే కావచ్చు. అది ఏ వైపు చూడవచ్చునో వరసలు చిన్ననాడే నేర్పుతున్నవి.

అయితే వరస చూపినది దారి మాత్రమే, ఆజ్ఞ కాదు. ఉయ్యాలలోనే బావకు పెండ్లామని పేరుపడిన పిల్లను, పెద్దదైన తరువాత ఆమె ఇష్టమేమిటని అడగని ఇండ్లు ఉన్నవి. వరస కుదరడం ఆమె సమ్మతికి బదులు కాజాలదు. వైద్యశాస్త్రం చెప్పే మాట కూడా వినదగినది. మేనరికపు దంపతులలో అధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుతారు. కాని పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం ఇతరుల సంతానంలో కన్న సుమారు రెట్టింపు. మేనమామ మేనకోడలిని వివాహమాడితే రక్తసామీప్యం ఇంకను హెచ్చు. వంశంలో ఏదైనా వ్యాధి ఉన్నప్పుడు ముందుగా వైద్యుని సంప్రదించడం మేలు. మరదలని, చెల్లెలని మనం పాటించే భేదం వైద్యుని లెక్కలోకి రాదు.

కనుక ఇతరుల ఆచారాన్ని విన్నప్పుడు ఏవగించుకోనక్కర లేదు; మన ఆచారాన్ని ప్రకృతి శాసనమని భావించనక్కర లేదు. సంబంధం మాట్లాడేవేళ వరస కుదిరినదా అని చూడటం మన సంప్రదాయం. పిల్లకు, పిల్లవానికి ఇష్టమేనా అని కూడా అడిగితే ఆ సంప్రదాయానికి లోటేమీ రాదు.